తగులూ మిగులూ

పండగ ఒకటే, తేదీలు రెండు. లెక్క తప్పిందెవరు?

2024 అక్టోబరు చివరి వారంలో పురోహితుల ఫోన్లకు తీరిక లేదు. అందరిదీ ఒకటే ప్రశ్న: "దీపావళి గురువారమా, శుక్రవారమా పంతులుగారూ?" అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3.52కి వచ్చి, నవంబరు 1 సాయంత్రం 6.16 దాకా ఉంది. దీపావళి రాత్రి పండగ. పొద్దుగూకాక అమావాస్య ఉన్న రోజునే దీపాలు పెట్టాలి. 31న సాయంత్రం నుంచి తెల్లవార్లూ అమావాస్యే, అనుమానం లేదు. మరి 1వ తేదీన? హైదరాబాదులో ఆ రోజు సూర్యాస్తమయం 5.44కి. దీపం వెలిగించే వేళకు ఇంకో అరగంట అమావాస్య మిగిలే ఉంది. తెలుగు రాష్ట్రాలు 31కే మొగ్గాయి. ఉత్తరాదిన కొన్నిచోట్ల 1న చేసుకున్నారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే పేచీ. 2025లో అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం 3.44 నుంచి 21 సాయంత్రం 5.54 దాకా ఉంది. ఈసారి రెండో సాయంత్రానికి హైదరాబాదులో మిగిలింది కొద్ది నిమిషాలే. అయినా వాదన మాత్రం తగ్గలేదు.

ఇలా రెండు రోజుల మీద పడిన తిథిని మన పెద్దవాళ్లు తగులు మిగులు అంటారు. ఆ మాట వినగానే చిరాకుపడే కుర్రకారు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. చంద్రుడి మీద చంద్రయాన్‌ను దింపిన దేశంలో పండగ తేదీ తేల్చుకోలేరా అని వాళ్ల నిలదీత. లెక్క ఎప్పుడో తేలింది. తేలిన లెక్కను ఏ రోజుకు తగిలించాలన్నదే తగువు.

తిథి అంటే రోజు కాదు. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఎడం. ఇద్దరూ ఒకే రేఖాంశం మీదికి వచ్చిన క్షణంలో అమావాస్య ముగుస్తుంది. అక్కణ్ణుంచి చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు పోతే పాడ్యమి అయిపోయినట్టు. 24 డిగ్రీలకు విదియ, 36కు తదియ, 180 దగ్గర పున్నమి పూర్తి. మొత్తం 30 తిథులు, 360 డిగ్రీలు. ఈ లెక్కలో పగలు, రాత్రి, అర్ధరాత్రి పన్నెండు అనేవాటికి చోటే లేదు. తిథి భోజనాల వేళ మారవచ్చు, తెల్లవారుజామున మూడింటికీ మారవచ్చు.

పైగా అన్ని తిథులకూ ఒకే నిడివి ఉండదు. సగటున 23 గంటల 37 నిమిషాలు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు చంద్రుడు వడిగా నడుస్తాడు, దూరంగా ఉన్నప్పుడు నింపాదిగా. అందుకే తిథి 20 గంటలకు కుదించుకుపోవచ్చు, 26 గంటలు దాటి సాగవచ్చు. పైన చెప్పిన 2024 దీపావళి అమావాస్య 26 గంటల 24 నిమిషాలు ఉంది. 2025 ఉగాది పాడ్యమి 20 గంటల 22 నిమిషాలే. ఆ పొట్టి పాడ్యమి అమెరికాలో ఏం చేసిందో తర్వాత చూద్దాం.

మరి సాగే తిథిని, సాగని రోజుకు ఎలా కట్టాలి? సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజంతా ఆ తిథిదే అని పంచాంగం ఒక సర్దుబాటు చేసుకుంది. గోడ క్యాలెండరు గడిలో అచ్చయ్యేది అదే. పొడవాటి తిథి రెండు సూర్యోదయాలను తాకవచ్చు. పొట్టిది ఒక్కదాన్నీ తాకకుండానే వచ్చి వెళ్లిపోవచ్చు. అలాంటిది క్షయతిథి. దశమి పక్క గడిలో ద్వాదశి కనబడితే ఏకాదశిని అచ్చు యంత్రం మింగేసిందని అనుకోనక్కర్లేదు.

ఈ సూర్యోదయ సూత్రం అన్ని పండగలకూ సరిపోతే ఈ కథనం ఇక్కడితో అయిపోయేది.

ఏ పండగ వేళ దానిదే

ఉగాది బుద్ధిగా సూర్యోదయాన్ని చూస్తుంది. మిగతావాటిలో చాలావరకు అలా లొంగవు. ధర్మశాస్త్రకారులు పగటిని ఐదు భాగాలు చేశారు: ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయాహ్నం. ఒక్కో భాగం సుమారు రెండున్నర గంటలు. రాముడు మధ్యాహ్నం పుట్టాడు కాబట్టి శ్రీరామనవమికి నడిపొద్దున నవమి ఉండాలి. భద్రాచలంలో కల్యాణం ఆ వేళకే జరుగుతుంది. అదే రాముడికి ఒంటిమిట్టలో పెళ్లి రాత్రిపూట, పున్నమి దగ్గరపడిన చైత్ర వెన్నెల్లో. అక్కడ నవమికి బదులు వెన్నెల కావాలి. తిథి ఒక్కటే పండగను నిర్ణయించదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

వినాయక చవితికీ నడిపొద్దే ప్రధానం. 2023లో చవితి సెప్టెంబరు 18 మధ్యాహ్నం 12.39కి మొదలై 19 మధ్యాహ్నం 1.43కి ముగిసింది. రెండు మధ్యాహ్నాలనూ తాకింది. ఇంకేముంది, వీధి చివర మండపంలో ఒక రోజు, పక్క వీధిలో మరో రోజు. విజయదశమి అపరాహ్ణాన్ని చూస్తుంది. దీపావళి ప్రదోషాన్ని, అంటే పొద్దుగూకిన వేళను చూస్తుంది. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి. శ్రీశైలంలో ఆ రాత్రి దీపాలన్నీ ఆర్పేసి, చీరాల ప్రాంతపు నేతన్నల పాగాను స్వామి ఆలయ విమానానికి చుట్టేది లింగోద్భవ వేళ దగ్గరపడుతుండగానే. కృష్ణాష్టమికి స్మార్తులు అర్ధరాత్రి అష్టమిని పట్టుకుంటారు, వైష్ణవులు రోహిణీ నక్షత్రాన్నీ సూర్యోదయాన్నీ కలిపి చూస్తారు. ఒక ఇంట్లో కృష్ణుడు ఇవాళ పుడితే పక్కింట్లో రేపు పుట్టడం తరచూ జరిగేదే. అట్లతద్దికైతే గడియారంతో పనే లేదు. ఆశ్వయుజ బహుళ తదియ నాడు చీకటితో లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నం తిని ఉయ్యాలలూగిన ఆడపిల్లలు చంద్రుడు కనబడేదాకా పస్తుండాలి. మబ్బు పడితే ఆ పస్తు ఇంకాస్త సాగుతుంది.

ఈ నియమాలన్నీ ఒక్కచోట చేర్చినవాళ్లు ఉన్నారు. కాశీలో కమలాకర భట్టు 1612లో నిర్ణయసింధువు రాశాడు. పండరిపురానికి చెందిన కాశీనాథ ఉపాధ్యాయుడి ధర్మసింధువు 1790 నాటిది. భక్తి గ్రంథాలనుకుని తెరిస్తే ఆశ్చర్యపోతారు, చదువుతుంటే కోర్టు తీర్పుల్లా ఉంటాయి. రెండు రోజులూ తిథి ఉంటే ఏది, రెండు రోజులూ లేకపోతే ఏది, ఒక రోజు ఎక్కువగా మరో రోజు తక్కువగా ఉంటే ఏది, ఫలానా గ్రంథకర్త ఇలా అన్నాడు, అది ఎందుకు చెల్లదు. మన సిద్ధాంతులు ఇప్పటికీ పేజీలు తిప్పేది వీటినే. తగులు మిగులు కొత్తగా పుట్టిన తలనొప్పి కాదని, నాలుగు వందల ఏళ్ల కిందటే దీని మీద పుస్తకాలు రాయాల్సి వచ్చిందని వీటిని చూస్తే తెలుస్తుంది.

ద్వాదశి గడియలు దాటకముందే

ఉపవాసాల దగ్గరికి వస్తే పట్టు ఇంకా బిగుస్తుంది. ఏకాదశి నాడు తినకూడదన్నది ఎంత ముఖ్యమో, ద్వాదశి వెళ్లిపోకముందే పారణ చేయాలన్నదీ అంతే ముఖ్యం. భాగవతం తొమ్మిదో స్కంధంలో అంబరీషుడి కథంతా ఈ ఒక్క చిక్కు మీదే నడుస్తుంది. ఏడాది వ్రతం ముగించిన రాజు దగ్గరికి దుర్వాసుడు అతిథిగా వచ్చాడు, భోజనానికి సరేనన్నాడు, యమునలో స్నానానికి వెళ్లి ఎంతకీ రాలేదు. ద్వాదశి ఇంకాసేపట్లో పోతుంది. అతిథి కంటే ముందు తింటే అపచారం, తినకపోతే వ్రతభంగం. పెద్దలను అడిగి రాజు కాసిని నీళ్లు తాగాడు. నీళ్లు తాగడం తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. దుర్వాసుడు ఒప్పుకోలేదు, కోపంతో రాజు మీదికి కృత్య అనే శక్తిని పుట్టించాడు. ఆ తర్వాత సుదర్శన చక్రం ఆయన్నే లోకాలన్నీ తరిమింది. పోతన తెలుగు చేసిన ఈ ఘట్టాన్ని భక్తి కథగానే మనకు చెబుతారు. పంచాంగం కథగా చదివినా అంతే బాగుంటుంది.

ఏకాదశి రెండు రోజులు రావడానికి ఇంకో కారణమూ ఉంది. సూర్యోదయానికి నాలుగు గడియల ముందును, అంటే 96 నిమిషాల ముందును, అరుణోదయం అంటారు. ఆ వేళకు ఇంకా దశమి ఉంటే ఆ ఏకాదశికి దశమి వేధ తగిలిందని వైష్ణవులు ఉపవాసాన్ని మర్నాటికి మారుస్తారు. స్మార్తులకు సూర్యోదయానికి ఏకాదశి ఉంటే చాలు. క్యాలెండరులో 'స్మార్త ఏకాదశి', 'వైష్ణవ ఏకాదశి' అని వరసగా రెండు గడుల్లో కనబడేది అందుకే.

ముక్కోటి ఏకాదశిది మరో తిరకాసు. తిథి చంద్రుడిది, ధనుర్మాసం సూర్యుడిది. సూర్యుడు ధనుస్సులో ఉండగా వచ్చే శుద్ధ ఏకాదశే ముక్కోటి. కాబట్టి అది మార్గశిరంలోనైనా రావచ్చు, పుష్యంలోనైనా రావచ్చు. ఇంగ్లిషు క్యాలెండరులో చూస్తే 2023లో జనవరి 2న ఒకటి, డిసెంబరు 23న మరొకటి వచ్చాయి. 2024లో అసలు లేదు. 2025లో మళ్లీ రెండు, జనవరి 10న, డిసెంబరు 30న. తిరుమలలో ఒకప్పుడు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచిన వైకుంఠ ద్వారాన్ని 2020 డిసెంబరు నుంచి పది రోజులు తెరుస్తున్నారు. తిథి పట్టింపుకూ జనసందోహానికీ మధ్య కుదిరిన రాజీ ఇది. శాస్త్రం తెలిసినవాళ్లు కొందరు దీన్ని ఒప్పుకోరు. క్యూలో నిలబడే సామాన్యుడి వైపు నుంచి చూస్తే నాకు తప్పు కనబడదు.

తెలుగువాళ్ల ఉపవాసానికి మెట్లు చాలా ఉన్నాయి. నీళ్లు కూడా ముట్టనివాళ్లు కొందరు. తెలంగాణలో ఒక్కపొద్దు అంటే ఒక్కపూట తిండి. కార్తీకంలో నక్తం ఉండేవాళ్లు పగలంతా పస్తుండి చుక్కలు చూశాక తింటారు. శనివారాలు ఒంటిపూట భోంచేసి రాత్రికి ఇడ్లీయో ఉప్మాయో తినేవాళ్ల సంఖ్య లెక్కపెట్టలేం. బియ్యపు రవ్వతో చేసిన ఇడ్లీ అన్నం కింద ఎందుకు రాదో ధర్మసింధువు వెతికినా దొరకదు. అది మన ఇళ్లలో అమ్మలు ఇచ్చిన తీర్పు, దాని మీద అప్పీలు లేదు.

ఏకాదశి నాడు చంద్రుడి ఆకర్షణకు ఒంట్లో నీరు పొంగుతుందని, అందుకే పూర్వులు పస్తు పెట్టారని వాట్సాప్‌లో తిరిగే మాటను మాత్రం నమ్మకండి. సముద్రంలో ఆటుపోట్లు ఉధృతంగా ఉండేది అమావాస్యకు, పున్నమికి. ఏకాదశికి కాదు. వ్రతం చేయాలనుకునేవాడికి భక్తే చాలిన కారణం, దొంగ సైన్సు ఊతం అక్కర్లేదు. ఇంకో మాట. ఎనిమిదేళ్లు నిండని పిల్లలకూ ఎనభై దాటిన పెద్దలకూ ఏకాదశి ఉపవాస నియమం వర్తించదని ధర్మశాస్త్ర గ్రంథాలే చెప్పాయి. రోగులకూ వెసులుబాటు ఇచ్చాయి. చక్కెర వ్యాధికి మందులు వేసుకుంటూ నిర్జలంగా ఉంటామని పట్టుబట్టే పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

పదమూడో నెల ఎందుకొస్తుంది?

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. ఆ తేడాను అలాగే వదిలేస్తే ఉగాది ఏటేటా వెనక్కి జరిగి చలికాలంలోకి, వానల్లోకి పోతుంది. అప్పుడు పచ్చడికి వేపపువ్వూ దొరకదు, మామిడికాయా దొరకదు. ఇస్లామీ క్యాలెండరు ఆ తేడాను సర్దదు కాబట్టే హైదరాబాదులో రంజాన్ ఒకప్పుడు మే ఎండల్లో, మరొకప్పుడు డిసెంబరు చలిలో వస్తుంది. మనవాళ్లు ఇంచుమించు 32 నెలలకొకసారి ఒక నెల అదనంగా చేర్చారు. అమావాస్య నుంచి అమావాస్య లోపల సూర్యుడు రాశి మారకపోతే ఆ నెల అధికం. 19 ఏళ్లకు ఏడు అధిక మాసాలు. 2020లో అధిక ఆశ్వయుజం, 2023లో అధిక శ్రావణం, 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం.

అధికం ఎక్కువగా ఎండాకాలపు, వానాకాలపు నెలల్లోనే రావడానికీ కారణముంది. జూలై మొదట్లో భూమి సూర్యుడికి దూరంగా ఉంటుంది. సూర్యుడు మిథున రాశిని దాటడానికి సుమారు 31న్నర రోజులు పడుతుంది. అంత తీరిగ్గా నడిచే సూర్యుడి కింద 29న్నర రోజుల చాంద్రమాసం ఇట్టే ఇమిడిపోతుంది. ధనుస్సులో సూర్యుడు పరుగున పోతాడు, 29న్నర రోజులు కూడా పట్టదు. అప్పుడు ఎప్పుడో ఒకసారి ఒకే నెలలో రెండు సంక్రమణాలు పడి నెలే లుప్తమవుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటి క్షయమాసం 1963-64లో, 1982-83లో, రెండుసార్లే వచ్చింది.

అధిక మాసంలో పండగలు చేయరు. 2020లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 17న వస్తే, దసరా నవరాత్రులు అక్టోబరు 17న గానీ మొదలుకాలేదు. మామూలుగా అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ ఆడి, మర్నాటి నుంచి కొనసాగించి దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మ చేస్తారు. ఆ ఏడాది నడుమ నెల రోజుల ఖాళీ. తంగేడు, గునుగు పూలు ఏ అమావాస్యకు కోయాలన్నది తెలంగాణ పల్లెల్లో పెద్ద చర్చే అయింది.

తెలుగువాళ్లంతా ఒకే చంద్రుణ్ణి చూస్తారు గానీ ఒకే తిథిని పట్టుకోరు. తెలంగాణలో నాగుల పంచమి శ్రావణంలో. కోస్తాలో పుట్టలో పాలు పోసేది కార్తీక శుద్ధ చవితికి, చలిమిడి, చిమ్మిలితో. పొలాల అమావాస్య ఆదిలాబాదులో ఎద్దుల పండగ, గోదావరి జిల్లాల్లో కంద మొక్కకు పూజ చేసి పిల్లల క్షేమం కోరే వ్రతం. ఆషాఢ బోనాలకు, వరలక్ష్మీ వ్రతానికి నెల చంద్రుడిదైనా, ఒకదానికి ఆదివారం కావాలి, రెండోదానికి శుక్రవారం. సంక్రాంతి ఒక్కటే చంద్రుడి మాట వినదు. అదీ స్థిరం కాదు. వివేకానందుడు సంక్రాంతి నాడు పుట్టాడు. 1863లో అది జనవరి 12. ఇప్పుడు 14 లేదా 15.

రెండు లెక్కలు, ఒక చంద్రుడు

నియమాల్లో తేడా ఉంటే సరిపెట్టుకోవచ్చు. తిథి సమయాల్లోనే తేడా వస్తే? తెలుగు పంచాంగాలు రెండు జాతులు. సూర్యసిద్ధాంతం లెక్క పాటించే పూర్వపద్ధతివి కొన్ని. ఇవాళ్టి ఖగోళ గణితంతో చేసే దృక్ పంచాంగాలు కొన్ని. చంద్రుణ్ణి భూమితోపాటు సూర్యుడూ లాగుతుంటాడు. ఆ లాగుడుతో నడకలో వచ్చే మార్పులన్నీ పాత లెక్కలోకి చేరలేదు. దాంతో రెండింటి మధ్య కొన్ని తిథులకు గంటల తేడా వస్తుంది. నిడివిలోనూ అంతే. పాత లెక్కలో తిథి 54 గడియలకు తగ్గదు, 65 దాటదు. ఆకాశంలోని చంద్రుడు ఈ హద్దులు రెండూ దాటుతుంటాడు.

దృక్ లెక్క నిన్నమొన్నటిది కాదు. మద్రాసు ఖగోళ వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి పందొమ్మిదో శతాబ్దంలోనే దృగ్గణిత పంచాంగం అచ్చువేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఏర్పడింది. దేశంలో సుమారు 30 రకాల క్యాలెండర్లు నడుస్తున్నాయని అది తేల్చింది. దాని సిఫార్సుతోనే 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరపు జాతీయ క్యాలెండరు అమలైంది. దృక్ పద్ధతిలో రాష్ట్రీయ పంచాంగం తెలుగుతో సహా అనేక భాషల్లో వస్తోంది. మన ఇళ్లలో ఎంతమంది దాన్ని చూశారు? ప్రభుత్వం లెక్క కట్టింది గానీ ఇంటింటికీ చేర్చే పని సిద్ధాంతులకూ గోడ క్యాలెండర్లకూ వదిలేసింది.

నా పక్షం దాచుకోను. తిథి అంటే ఆకాశంలో ఉన్న ఎడమే అయినప్పుడు ఆకాశంతో సరిపోయే లెక్కే సరైన లెక్క. పూర్వపద్ధతి వాళ్లలోనూ చాలామంది గ్రహణం దగ్గరికొచ్చేసరికి దృక్ సమయాలే వేస్తారు. గ్రహణం తప్పితే వీధిలో పిల్లవాడు కూడా పట్టేస్తాడు. ఏకాదశి రెండు గంటలు తప్పితే కనిపెట్టేవాడుండడు. తేడా అంతే.

ఎడిసన్‌లో పాడ్యమి

ఇక ఆ పొట్టి పాడ్యమి సంగతి. 2025 మార్చి 29 సాయంత్రం 4.27కి మొదలై, 30 మధ్యాహ్నం 12.49కి ముగిసింది. 30వ తేదీ ఆదివారం సూర్యోదయానికి హైదరాబాదులో, విజయవాడలో పాడ్యమి ఉంది, ఉగాది చేసుకున్నాం. తిథి ప్రపంచమంతటా ఒకే క్షణాన మారుతుంది, మారేది స్థానిక సూర్యోదయమే. డాలస్‌లో ఆ పాడ్యమి 29వ తేదీ శనివారం తెల్లవారుజామున 5.57కి వచ్చి ఆనాటి సూర్యోదయాన్ని తాకింది. కాలిఫోర్నియాలోనూ అంతే. అక్కడివాళ్లకు పంచాంగం ప్రకారం ఉగాది శనివారమే. న్యూజెర్సీ ఎడిసన్‌లో మరీ విచిత్రం. శనివారం సూర్యుడు 6.46కి ఉదయించాడు, పాడ్యమి 6.57కి వచ్చింది, ఆదివారం తెల్లవారకముందే వెళ్లిపోయింది. ఒక్క సూర్యోదయాన్నీ తాకలేదు. హైదరాబాదు టీవీ చూసి అమెరికాలో ఉపవాసాలు, పండగలు చేసుకునేవాళ్లు తమ ఊరి సూర్యోదయానికి కట్టిన పంచాంగం చూసుకోక తప్పదు.

ఈ తగులు మిగులు పోదు, పోవాల్సిన పనీ లేదు. రెండు సాయంత్రాలూ అమావాస్య ఉన్నప్పుడు రెండు అభిప్రాయాలు రావడం సహజం. తప్పల్లా, తేదీ చెప్పి కారణం చెప్పకపోవడం. పంచాంగకర్తలకు విన్నపం ఒక్కటే. ఏ పద్ధతిలో లెక్కగట్టారో, ఏ ఊరి సూర్యోదయానికి కట్టారో అట్ట మీదే పెద్ద అక్షరాల్లో వేయండి. పండగ తగులు మిగులైన ప్రతిచోటా 'ప్రదోష వ్యాప్తి వల్ల', 'దశమి వేధ వల్ల' అని ఒక్క ముక్క పక్కన చేర్చండి. పాఠకులకూ ఒక మాట. వచ్చే ఉగాదికి పంచాంగం కొన్నప్పుడు రాశిఫలాలకంటే ముందు పీఠిక తిప్పండి. పద్ధతి పేరు, ఊరి పేరు అందులో లేకపోతే ప్రచురణకర్తకు ఫోను చేసి అడగండి.